అకౌస్టిక్ గిటార్‌కి ఇంట్లో పికప్ చుట్టాలంటే: ముందు ఆ 42 నంబర్ వైరు సంగతి తేల్చుకో

తమ్ముడూ, ఇంజనీరింగ్ రెండో ఏడు అన్నావు కాబట్టి చనువుగా నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. తర్వాత చదివేవాళ్లకి తెలియాలి కదా, అందుకని నీ బాధ ముందు రెండు ముక్కల్లో చెప్తాను. స్టీల్ స్ట్రింగ్స్ ఉన్న అకౌస్టిక్ గిటార్‌కి పికప్, అంటే స్ట్రింగ్ ఊపుని పట్టి ఆంప్‌కి పంపే కాయిల్, కొనే డబ్బుల్లేక వీడియో చూసి నువ్వే చుట్టావు. అందులో 42 గేజ్ వైరు, 8,000 చుట్లు అన్నారు. మన విశాఖలో డాబాగార్డెన్స్ వైపు ఏదో వైండింగ్ షాపులో 42 నంబర్ వైరు అడిగి తెచ్చావు. 2,400 చుట్లకే బాబిన్, అదే వైరు చుట్టే చట్రం, నిండిపోయింది, మీటర్ పెడితే 680 ఓమ్‌లు చూపిస్తోంది. ఆంప్‌కి కలిపితే సన్న స్ట్రింగ్స్ రెండూ అరుస్తున్నాయి, లావు స్ట్రింగ్స్ నాలుగూ పక్కింట్లో ఎవరో వాయిస్తున్నట్టు ఉన్నాయి, పైగా గుయ్యిమని హమ్. తప్పెక్కడ జరిగింది అని అడిగావు.

నువ్వు మీటర్ రీడింగ్ రాయడం మంచి పని చేశావు, సగం జవాబు అందులోనే ఉంది. ఆ వీడియోలోని 42 అమెరికన్ గేజ్, ఏడబ్ల్యూజీ, అంటే రాగి మందం 0.063 మిల్లీమీటర్లు. మన వైండింగ్ షాపుల్లో నంబరు అంటే బ్రిటిష్ వాళ్లు వదిలి వెళ్లిన ఎస్‌డబ్ల్యూజీ, అందులో 42 అంటే 0.1 మిల్లీమీటరు. లెక్క వేసి చూడు, నీ బాబిన్ మీద ఒక్కో చుట్టు సుమారు 13 సెంటీమీటర్లు, 2,400 చుట్లంటే 310 మీటర్ల పైన, 0.1 మందం రాగి మీటరుకి 2.1 ఓమ్‌లు ఇస్తుంది. సరిగ్గా నీ 680 దగ్గరికే వచ్చింది. షాపువాడు మోసం చెయ్యలేదు, నువ్వు అడిగిందే ఇచ్చాడు. నీకు కావలసింది ఇక్కడి లెక్కలో 46 నంబర్, 0.061 మిల్లీమీటర్లు. 47 కూడా పనికొస్తుంది గానీ 0.051 కదా, చెమట చేతుల్లో ఊరికే తెగిపోతుంది, మొదటిసారికి వద్దు.

46 నంబర్ అన్ని షాపుల్లో ఉండదు. మోటార్లు, ఫ్యాన్లు చుట్టేవాళ్లకి అంత సన్నం అవసరం రాదు. నేను మొదటిసారి అడిగినప్పుడు కంచరపాలెంలో ఒక పెద్దాయన "ఏటి బాబూ, దీంతో మోటారు చుడతావా, సాలీడుకి చీర నేస్తావా" అని నవ్వాడు, కానీ రిలేలు, చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే ఇంకో షాపు ఎక్కడుందో ఆయనే చెప్పాడు. నువ్వూ అలాంటి వాళ్లనే అడుగు, లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకో. అమ్మేది బరువు లెక్కన. నేను కింద చెప్పబోయే పికప్‌కి మొత్తం 12, 13 గ్రాములు చాలు, 100 గ్రాముల రీలు కొంటే ఆరేడు సార్లు పాడు చేసుకునే వెసులుబాటు ఉంటుంది. పాడు చేస్తావు, అందులో అనుమానం లేదు, నేను నాలుగు పారేశాను.

ఇప్పుడు అసలు విషయం. సరైన వైరు దొరికింది కదా అని మళ్లీ 8,000 చుట్లు మొదలుపెట్టకు. ఆ లెక్క ఎలక్ట్రిక్ గిటార్‌ది. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ చుట్టిన కాయిల్, పైన స్టీల్ స్ట్రింగ్ ఊగినప్పుడు అయస్కాంత క్షేత్రం మారుతుంది, ఆ మార్పుకి కాయిల్‌లో వోల్టేజ్ పుడుతుంది, ఇంటర్‌లో చదివిన ఫారడే నియమమే. చుట్లు రెట్టింపు చేస్తే సౌండ్ సుమారు రెట్టింపు అవుతుంది, నిజమే, కానీ ఇండక్టెన్స్, అంటే కరెంటు మార్పుకి కాయిల్ అడ్డుపడే గుణం, నాలుగు రెట్లవుతుంది. ఆ ఇండక్టెన్స్, నీ గిటార్ కేబుల్‌లోని కెపాసిటెన్స్ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర రెజొనెన్స్ ఇస్తాయి, ఆ పైన ఉన్న ట్రెబుల్, అంటే సన్న శబ్దం, అంతా పోతుంది. 2.5 హెన్రీల కాయిల్‌కి కేబుల్‌తో కలిపి 600 పికోఫారడ్లు తగిలితే అది 4 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. ఎలక్ట్రిక్ గిటార్‌కి అదే అందం. అకౌస్టిక్‌కి స్ట్రింగ్ గీటినప్పుడు వచ్చే ఆ గలగల ఉండేదే ఆ పైన, అది పోతే దుప్పటి కప్పి వాయించినట్టు ఉంటుంది. చుట్లు తగ్గించి ఇండక్టెన్స్ 1 హెన్రీకి దించితే రెజొనెన్స్ 6 కిలోహెర్ట్జ్ దాటుతుంది. సౌండ్ తగ్గుతుంది కదా అంటావు, తగ్గనీ, చిన్న ప్రీఆంప్ పెట్టి పెంచుకోవచ్చు, పోయిన ట్రెబుల్‌ని మాత్రం ఏ ఈక్వలైజరూ పుట్టించలేదు. పదిహేనేళ్లలో నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క ముక్కే అనుకో: చుట్లు తక్కువ, వెనకాల ప్రీఆంప్.

స్ట్రింగ్స్ సమస్య వేరు, దానికీ వైరుకీ సంబంధం లేదు. అకౌస్టిక్ స్ట్రింగ్స్‌లో 3 నుంచి 6 వరకు నాలుగింటికీ లోపల సన్న స్టీల్ తీగ, దాని మీద ఫాస్ఫర్ బ్రాంజ్ చుట్టి ఉంటుంది. బ్రాంజ్‌కి అయస్కాంతం అంటదు, అంటే పికప్‌కి ఆరో స్ట్రింగ్ అంత లావుగా కనబడదు, దాని లోపలి తీగే కనబడుతుంది. 1, 2 స్ట్రింగ్స్ మొత్తం స్టీలే. మామూలు 12 నంబర్ సెట్‌లో రెండో స్ట్రింగ్ 16 కదా (ఈ నంబర్లు అంగుళంలో వెయ్యో వంతులు), పికప్ దృష్టిలో అదే అందరికంటే పెద్ద రౌడీ. అందుకే నీకు అది అరుస్తోంది. నైలాన్ స్ట్రింగ్స్ గిటార్ ఉన్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఇక్కడితో ఆపెయ్యండి, మీకు ఇది అస్సలు పని చెయ్యదు, చెక్క కంపనాన్ని పట్టే పీజో పికప్ చూసుకోండి. స్ట్రింగ్స్ తేడాకి మందు ఏంటంటే ఒక్కో స్ట్రింగ్ కింద ఎత్తు మార్చుకునే స్క్రూ ఉండాలి. నువ్వు ఆరు గుండ్రటి మాగ్నెట్లు గమ్‌తో అంటించేశావు, ఇక వాటి ఎత్తు మార్చలేవు.

హమ్‌కి మందు రెండు కాయిల్స్. గిబ్సన్‌లో సేత్ లవర్ 1955లో పేటెంట్‌కి పెట్టిన హమ్‌బకర్ సూత్రమే: రెండు కాయిల్స్ ఎదురెదురు దిక్కుల్లో, మాగ్నెట్లు కూడా ఎదురెదురు ధ్రువాలతో ఉంటే, ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, స్ట్రింగ్ సౌండ్ మాత్రం నిలబడుతుంది. కానీ ఆరు స్ట్రింగ్స్ కిందా పక్కపక్కన రెండు పొడుగు కాయిల్స్ పెడితే చుట్లు మళ్లీ పెరుగుతాయి, సౌండ్ హోల్ సగం మూసుకుపోతుంది. నాకు నచ్చేది 1957 నుంచి ఫెండర్ ప్రిసిషన్ బేస్‌లో వస్తున్న పద్ధతి. కాయిల్‌ని రెండు ముక్కలు చేసి, ఒకటి 6, 5, 4 స్ట్రింగ్స్ కింద, రెండోది 3, 2, 1 కింద, మెట్లలాగా ఒకటి కొంచెం ముందుకి ఒకటి కొంచెం వెనక్కి. ఒక్కో స్ట్రింగ్‌కి ఒక్కో చిన్న కాయిలే, హమ్ మాత్రం పోతుంది.

సరే, తయారీ. బాబిన్‌కి పైనా కిందా రేకులు 1.5 మిల్లీమీటర్ల హైలం షీట్‌తో చెయ్యి, కరెంటు సామాన్ల షాపులో ముక్క అడిగితే ఇస్తారు. సైజు 35 బై 14 మిల్లీమీటర్లు. మధ్యలో 6 మిల్లీమీటర్ల మందం, 10 ఎత్తు, 27 పొడవు ఉన్న యాక్రిలిక్ ముక్క, చివర్లు గుండ్రంగా అరగదీసి. దాంట్లో మూడు రంధ్రాలు, మధ్య దూరం 10.4 మిల్లీమీటర్లు. ఈ దూరం నా గిటార్‌ది, సౌండ్ హోల్ మీద మొదటి స్ట్రింగ్ నుంచి ఆరో దాకా 52 వచ్చింది, నీది స్కేలు పెట్టి కొలిచి ఐదుతో భాగించు. రంధ్రాలు 2.5 మిల్లీమీటర్లు వేసి 3 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ స్క్రూలు బిగించు. స్టెయిన్‌లెస్ స్టీల్ మెరుస్తుందని తేకు, అందులో ఎక్కువ రకాలకి మాగ్నెట్ అంటదు, షాపుకి జేబులో ఒక మాగ్నెట్ వేసుకుని వెళ్లి అంటించి చూసి కొను. రేకుల అంచులు శాండ్ పేపర్‌తో నున్నగా చెయ్యడం మర్చిపోకు, కంటికి కనబడని గరుకు చాలు, వైరు అక్కడ పట్టుకుని 3,000 చుట్టు దగ్గర తెగుతుంది. ఎప్పుడూ 3,000 దగ్గరే తెగుతుంది, 30 దగ్గర తెగదు, ఎందుకో దేవుడికే తెలియాలి.

మాగ్నెట్లు కాయిల్ లోపల వద్దు. కింది రేకు నుంచి బయటికి వచ్చిన స్క్రూ కాళ్లకి పక్కగా, మూడింటికీ తగిలేలా ఒక సన్న నియోడైమియం పట్టీ అంటించు. ఒక కాయిల్‌కి ఉత్తర ధ్రువం స్క్రూల వైపు, రెండోదానికి దక్షిణం. రెండు పట్టీలు ఒకదానికొకటి అతుక్కున్నాయంటే తగిలే ముఖాలు వ్యతిరేక ధ్రువాలన్నమాట, విడదీసే ముందే ఆ రెండు ముఖాల మీద మార్కర్‌తో చుక్క పెట్టు. చుక్కలున్న ముఖాలే స్క్రూలకి తగలాలి. ఇలా చేస్తే స్క్రూలు పైకీ కిందకీ తిప్పుకోవచ్చు.

ఒక్కో కాయిల్‌కి 3,500 చుట్లు. రెండూ సమానంగానే చుట్టు. బ్రాంజ్ స్ట్రింగ్స్ కాయిల్‌కి చుట్లు ఎక్కువ వేస్తే సౌండ్ సమం అవుతుందని నీకు తడుతుంది, నాకూ తట్టింది, చేసి చూశాను, హమ్ సగం తిరిగొచ్చింది. తేడా స్క్రూలతోనే సరిచెయ్యాలి. చుట్టడానికి డ్రిల్లుని టేబుల్‌కి క్లాంపుతో బిగించి, చక్‌లో పెట్టిన బోల్టుకి బాబిన్ అంటించు. లెక్కకి పాత క్యాలిక్యులేటర్ విప్పి, సమానం గుర్తు బటన్ కింది రెండు చుక్కలకి రీడ్ స్విచ్ (మాగ్నెట్ దగ్గరికొస్తే కలుసుకునే స్విచ్) సోల్డర్ చేసి, చక్ మీద చిన్న మాగ్నెట్ అంటించు. ఒకటి ప్లస్ ఒకటి నొక్కి డ్రిల్లు తిప్పితే ప్రతి చుట్టుకీ అంకె ఒకటి పెరుగుతుంది. నిమిషానికి 300 చుట్లు మించకు, మించితే చవక క్యాలిక్యులేటర్ లెక్క వదిలేస్తుంది. ఆ వేగంలో ఒక కాయిల్ పన్నెండు నిమిషాలు, అంతే. వైరు రీలుని నిలబెట్టి పైనుంచి లాగాలి, రీలు తిరగకూడదు, తిరిగితే ప్రతి కుదుపుకీ వైరు తెగుతుంది. వేళ్ల మధ్య చిన్న నూలు గుడ్డ పెట్టుకో, ఫ్యాన్ ఆపెయ్యి, వైరు గాలికి ఎగురుతుంది.

కరెంటు డ్రిల్లు లేకపోయినా పరవాలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊరంతా చీకటైపోయినప్పుడు మా వీధికి కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక, ఏం తోచక, చేత్తో తిప్పే డ్రిల్లుతో ఒక కాయిల్ చుట్టాను. దాని పిడి ఒకసారి తిప్పితే చక్ నాలుగుసార్లు తిరుగుతుంది, అంటే 875 తిప్పుళ్లు. ప్రతి వందకీ ఒక చింతపిక్క పక్కన పెట్టేవాణ్ణి. మా అబ్బాయి మధ్యలో వచ్చి అష్టాచమ్మాకి నాలుగు పిక్కలు పట్టుకుపోయాడు, అందుకే ఆ కాయిల్‌లో ఎన్ని చుట్లున్నాయో ఇప్పటికీ మీటర్ పెట్టి చెప్పాల్సిందే.

మీటర్ సంగతి వచ్చింది కాబట్టి, 46 నంబర్‌తో 3,500 చుట్లకి ఒక్కో కాయిల్ 1.4 కిలో ఓమ్‌లకి కాస్త అటూ ఇటూ రావాలి, రెండూ సిరీస్‌లో 2.8. రెండింటి మధ్య పది శాతం తేడా ఉంటే లెక్క తప్పావని. అసలు ఏమీ చూపించకపోతే కంగారు పడకు, ఎక్కువసార్లు వైరు తెగి ఉండదు, చివర్ల మీద ఎనామెల్ పోలేదన్నమాట. కొన్ని వైర్లకి సోల్డరింగ్ వేడికే కరుగుతుంది, కొన్నింటికి శాండ్ పేపర్ మడతలో పెట్టి మెల్లగా లాగి గీకాలి. చివర్లకి మెత్తటి పోగుల వైరు అతికి, అతుకుని టేపుతో బాబిన్‌కే కట్టెయ్యి. ఆ సన్న వైరు మీద బరువు పడకూడదు.

తర్వాత మైనం. ఇది మన ఊళ్లో తప్పనిసరి. లోపల వదులుగా ఉన్న చుట్లు వణికితే ఆంప్ పెంచగానే కీచుమంటుంది, అది అందరికీ ఉన్న కారణం. మనకి ఇంకోటి ఉంది, సముద్రపు గాలి. లాసన్స్ బేలో ఉండే నా స్నేహితుడికి మైనం పట్టించకుండా ఒకటి చేసిచ్చాను, రెండు వర్షాకాలాలకి స్క్రూలు తుప్పు పట్టి, వైరు చివర ఆకుపచ్చగా మారి మూగబోయింది. కొవ్వొత్తుల మైనం నాలుగు వంతులు, తేనెమైనం ఒక వంతు. తేనెమైనం పాడేరు వైపు నుంచి తేనె తెచ్చి అమ్మేవాళ్లని అడిగితే దొరుకుతుంది. రెండూ ఒక డబ్బాలో వేసి, ఆ డబ్బాని నీళ్ల గిన్నెలో పెట్టి కరిగించు. నేరుగా మంట మీద ఎప్పుడూ పెట్టకు, మైనం అంటుకుంటే నీళ్లు పోసి ఆర్పలేవు, ఇంకా ఎగుస్తుంది. థర్మామీటర్ పెట్టి 60 నుంచి 65 డిగ్రీల మధ్య ఉంచి, కాయిల్ ముంచి బుడగలు రావడం ఆగేదాకా ఉంచు, పది పదిహేను నిమిషాలు. మాగ్నెట్లు దీని తర్వాతే అంటించు, మామూలు నియోడైమియం 80 డిగ్రీలు దాటితే బలం పోగొట్టుకుంటుంది. ఇంట్లో గిన్నె మాత్రం వాడకు. మా ఇంటావిడ సాంబారు గిన్నె ఒకటి నా లెక్కలో ఇంకా బాకీ ఉంది.

రెండు కాయిల్స్‌నీ సిరీస్‌లో కలిపి ఆంప్‌కి పెట్టు. హమ్ తగ్గిందా సరే, పెరిగిందా, ఏదో ఒక కాయిల్ వైర్లు రెండూ అటుదిటు మార్చు. అంతకుమించి దిక్కులు గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. మిగిలిన సన్న గరగరకి చుట్టూ రాగి ఫాయిల్ టేపు వేసి గ్రౌండ్‌కి కలుపు, కానీ కాయిల్ చుట్టూ పూర్తి వలయం చెయ్యకు, రెండు మిల్లీమీటర్ల సందు వదులు. వలయం మూసుకుంటే అది ఒక్క చుట్టున్న షార్ట్ కాయిల్ లాంటిది, కష్టపడి మిగుల్చుకున్న ట్రెబుల్‌లో కొంత తినేస్తుంది.

పైన పెట్టె దేనితోనైనా చేసుకో. నేను అంకుడు కర్ర వాడాను, ఏటికొప్పాక బొమ్మలు చేసేది అదే, తేలిగ్గా ఉంటుంది, చాకుతో చెక్కినా మాట వింటుంది. సౌండ్ హోల్ అంచుకి తగిలేచోట సీసా కార్క్ ముక్కలు అంటించు, లేకపోతే గిటార్ గీసుకుపోతుంది, గడగడలాడుతుంది కూడా. నెక్ వైపు అంచుకి పెట్టు, బ్రిడ్జ్ వైపు జరిపేకొద్దీ సౌండ్ పలచబడుతుంది. ఆఖరి ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ నొక్కి, స్క్రూలకీ స్ట్రింగ్‌కీ 4, 5 మిల్లీమీటర్లు ఉంచి మొదలుపెట్టు. తర్వాత రెండో స్ట్రింగ్ స్క్రూ బాగా కిందకి, మొదటిది కొంచెం కిందకి, 3, 4 కాస్త పైకి. చెవితోనే చెయ్యాలి, ఒక సాయంత్రం పడుతుంది. జాక్ కోసం గిటార్ అడుగున 12 మిల్లీమీటర్ల రంధ్రం వెంటనే వెయ్యకు, మొదటి నెల షీల్డెడ్ వైరుని సౌండ్ హోల్ నుంచే బయటికి తీసి స్ట్రాప్‌కి కట్టుకో, పికప్ నచ్చాక డ్రిల్లు సంగతి చూద్దాం.

ప్రీఆంప్ చిన్నదే. టీఎల్071 ఐసీ, 9 వోల్టుల బ్యాటరీ, రెండు 10కే (10 కిలో ఓమ్) రెసిస్టర్లతో సగం వోల్టేజ్, ఆ మధ్య బిందువు నుంచి గ్రౌండ్‌కి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, ప్లస్ ఇన్‌పుట్‌కి అక్కడి నుంచి 1 మెగ్ ఓమ్. సిగ్నల్ లోపలికి 0.1 మైక్రోఫారడ్ ద్వారా, బయటికి 10 మైక్రోఫారడ్ ద్వారా. ముందు గెయిన్ లేకుండా బఫర్‌గానే పెట్టు, అవుట్‌పుట్‌ని మైనస్ ఇన్‌పుట్‌కి కలిపితే చాలు. సౌండ్ చాలకపోతే ఆ కలిపిన వైరు బదులు 22కే, మైనస్ నుంచి మధ్య బిందువుకి 10కే వేస్తే మూడు రెట్లు వస్తుంది. ఇది లేకుండా ఏ ఫంక్షన్‌లోనో మైక్‌సెట్ అబ్బాయి నీ పికప్‌ని పది మీటర్ల వైరుతో మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌లో గుచ్చాడంటే ట్రెబుల్ చచ్చిపోతుంది, అప్పుడు నన్ను తిట్టుకుంటావు.

ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి, ఇది స్ట్రింగ్ సౌండే ఇస్తుంది, చెక్క పెట్టె సౌండ్ ఇవ్వదు. మద్దెలలాగా పెట్టె మీద కొట్టి వాయించే అలవాటుంటే ఇది దాదాపు వినిపించుకోదు. బదులుగా స్టేజీ మీద ఫీడ్‌బ్యాక్ గొడవ బాగా తక్కువ.

ఇప్పుడున్న ఆ 680 ఓమ్‌ల కాయిల్ పారెయ్యకు. మాగ్నెట్లు పీకేసి, పొడుగు వైరుతో ఆంప్‌కి తగిలించి గదంతా తిప్పి చూడు. ట్యూబ్‌లైట్ చోక్, స్టెబిలైజర్, ఫోన్ ఛార్జర్, ఫ్యాన్ రెగ్యులేటర్, ఏది ఎంత గోల చేస్తోందో అదే చెప్తుంది. నా గదిలో దొంగ ఫ్రిజ్ వెనకాల స్టెబిలైజర్ అని తేలింది, ఇప్పుడు కుర్చీ ఈ మూలకి జరుపుకుని వాయిస్తున్నాను.